చన్నీళ్లు కలపని ఆవిడ

ఆవిడ పోయారని వాళ్లబ్బాయి వాటర్‌ఫోర్డ్ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను సూపర్ మార్కెట్ క్యూలో ఉన్నాను. "వదినా, అమ్మ నిన్న పొద్దున వెళ్లిపోయింది. నిద్రలోనే" అన్నాడు. అయ్యో అనాలి, ఎలా జరిగిందని అడగాలి. నా నోట్లోంచి వచ్చిన మాట మాత్రం, "నీళ్లెవరు పోశారు?" అని. "చెల్లి జపాన్ నుంచి ముందే ఊరికి వచ్చి ఉంది వదినా, అదే పోసింది" అన్నాడు. అమ్మయ్య అనుకున్నాను. మనిషి పోయిందని చెబుతుంటే అమ్మయ్య అనుకునేదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. నేనెప్పుడూ ఆవిణ్ని పేరుతో తలచుకోలేదు, ఆంటీ అనే పిలిచాను. ఆ పిలుపు ఆవిడకు నచ్చేది కాదు. "ఆంటీ ఏవిటమ్మాయ్, బస్సులో కాస్త జరగమన్నట్టు. పిన్నీ అను, సొమ్మేం పోద్ది" అనేవారు. నాకు నోరు తిరగలేదు. మాది కరీంనగర్, వాళ్లది గోదావరి ఒడ్డు. ఆవిడ ప్రతి మాటకూ "ఆయ్" అంటుంటే మొదటి వారమంతా ఎవరో నన్ను అదిలిస్తున్నారనుకుని ఉలిక్కిపడ్డాను.

వాళ్లబ్బాయీ మా ఆయనా ఇంటర్ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లు. వాడు మేమున్న ఈ దేశంలోనే, వాటర్‌ఫోర్డ్ ఊళ్లో డాక్టరు. కొడుకుని చూసిపోదామని ఆవిడ ఫిబ్రవరిలో వచ్చారు, మార్చిలో లోకం తలుపులన్నీ మూసేసుకుంది. వాడికి కరోనా వార్డులో డ్యూటీ పడింది. తల్లిని తన దగ్గర ఉంచుకోవడానికి భయమేసి, మేముండే నేస్ ఊళ్లో, మా ఇంటికి తెచ్చి దింపాడు. నాకప్పుడు ఏడో నెల. మా అమ్మ రావాల్సిన విమానం రాలేదు, ఆవిడ వెళ్లాల్సిన విమానం వెళ్లలేదు. అలా ఒకరి తల్లి ఇంకొకరి పురుటికి దొరికింది.

కాన్పయ్యి, కుట్లు మానాక మొదలైంది అసలు కథ. ఒక రోజు పొద్దున్నే మేడ మీద ఏదో దబదబమని కొట్టుకుంటోంది, దాంతోపాటు పాట. పైకి వెళ్లి చూద్దును కదా, బాత్‌టబ్బులో సగానికి పొగలు కక్కే నీళ్లు. ఆవిడ చీర మోకాళ్ల పైకి దోపుకుని, హాట్ ప్రెస్‌లోంచి పీకిన చెక్క పలకతో ఆ నీళ్లని అటూ ఇటూ తిరగేస్తున్నారు. హాట్ ప్రెస్ అంటే ఇక్కడి ఇళ్లలో వేణ్నీళ్ల ట్యాంకు ఉండే అలమర. ఆ పలకల మీద మేం తువ్వాళ్లు పెట్టుకుంటాం. తువ్వాళ్లన్నీ కింద కుప్పగా పడున్నాయి.

"ఏంది ఆంటీ ఇది? చల్లటి నల్లా తిప్పితే అయిపోతది గదా" అన్నాను.

"తప్పు. చన్నీళ్లు కలిపితే నీళ్ల బలం పోద్ది. కలిపి కలిపి చల్లార్చాలి. రెండు పాటలు పట్టుద్ది. కూచో."

వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడని అందరూ అంటారు. ఈవిడ ఆ తోడు ఒప్పుకోరు. ఈ శాస్త్రమంతా జపాన్‌లో నేర్చుకున్నదట. కూతురు పురుటికి వెళ్లినప్పుడు, ఆ అమ్మాయి కాస్త కోలుకున్నాక తల్లిని కొండల్లో వేణ్నీళ్ల బుగ్గలున్న ఊళ్లకు తిప్పింది. ఒక ఊళ్లో నీళ్లు చెయ్యి పెడితే ఊడొచ్చేంత వేడి. ఆడవాళ్లు వరసగా నిలబడి పొడుగాటి పలకలతో ఆ నీళ్లు కలుపుతూ పాడతారట. ఈవిడకు భాష రాదు, బాణీ మాత్రం పట్టుకొచ్చేశారు. దాని మీద తెలుగు మాటలు కట్టుకున్నారు.

"కొండ కడుపున కాగేటి నీళ్లు, కలపవే చెల్లీ కలుపు
పలక తిప్పితే పాలయ్యె నీళ్లు, కలపవే చెల్లీ కలుపు
తొందరెందుకే బుల్లెమ్మ నీకు, కలపవే చెల్లీ కలుపు
తోటి ఆడది చల్లార్చేదాకా, కలపవే చెల్లీ కలుపు"

"వాళ్ల పాటకు అర్థమేంది ఆంటీ?" అని అడిగాను.

"నాకేం తెలుసు. అడగలేదు. అడిగితే నా పాట పాడైపోద్ది."

ఆవిడకు గడియారంతో పనిలేదు, పాటలే నిమిషాలు. గుడ్డు పాటన్నరకు ఉడుకుతుంది, పప్పు కుక్కర్ మూడు పాటలకు దించాలి. మా ఆయన ఇంట్లోంచే పనిచేసేవాడు. ఆఫీసు మీటింగు మధ్యలో కింద వంటింట్లోంచి గంధకం బుగ్గ మీద కట్టిన పాట మొదలయ్యేది:

"గుడ్డు కంపు గంగమ్మా, నీ గొప్ప ఏమి చెప్పనే
ముక్కు మూసి మునిగితే, మోకాళ్ల నొప్పి పోయెనే"

తను గబుక్కున మైకు ఆపేసి, తలుపు వేసుకునేవాడు. ఆవిడ తలుపు తోసుకుని వెళ్లి, "ఏం బాబూ, నా పాట వాళ్లకి వినపడద్దా? వాళ్లకి మోకాళ్లు లేవా?" అని అడిగొచ్చేవారు.

పిల్లకు నీళ్లు పోయడం నాకు తెలిసిన విద్యే. కాళ్లు చాపుకుని కూచుని, కాళ్ల మీద పిల్లని పడుకోబెట్టుకుని పోస్తారు, మా అమ్మ మా అక్క పిల్లలకు పోస్తుంటే చూశాను. నాకు పోస్తాననేసరికే ప్రాణం మీదికొచ్చింది. ఊహ తెలిశాక ఇంకో ఆడమనిషి ముందు బట్టలిప్పలేదు, ఆసుపత్రిలో తప్ప. పొట్ట సంచిలా వేలాడుతోంది, కుట్టు గీత ఎర్రగా ఉంది, రొమ్ములు ఎప్పుడు పడితే అప్పుడు కారుతున్నాయి. అద్దం ముందుకే వెళ్లట్లేదు నేను.

"నాకు సిగ్గైతాంది ఆంటీ. మీరు బయటికి పోండ్రి, నేనే పోసుకుంట" అన్నాను.

ఆవిడ పలక గోడకానించి టబ్బు అంచు మీద కూచున్నారు. "నాకవ్వలేదనుకున్నావేంటి?" అని మొదలుపెట్టారు.

జపాన్‌లో మొట్టమొదటి బుగ్గ దగ్గరికి వెళ్లినప్పుడు ఆవిడ లోపలి లంగా రొమ్ముల మీదికి బిగించి కట్టుకుని దిగబోయారట, గోదాట్లో దిగినట్టు. అక్కడ పనిచేసే ఆవిడ పరుగున వచ్చి, వంగి వంగి దణ్ణాలు పెట్టి, నూలుపోగు కూడా నీళ్లలోకి రాకూడదని చేతులతో చెప్పింది. "అరవయ్యేళ్లు, అమ్మాయ్. మా ఆయన కూడా నన్ను వెలుగులో చూడలేదు. అక్కడ పదిమంది ఆడాళ్లు, అందరికీ కళ్లున్నాయి. నా కూతురు కూడా ఉంది. చచ్చిపోదామనిపించింది. వెనక్కి తిరిగి వెళ్లిపోదునా, బట్టలు పెట్టిన బుట్ట ఎక్కడో తెలీదు."

"మరి?"

"మరేవుంది, ఓ మూల గోడకేసి తిరిగి కూచుని ఏడుస్తున్నాను. నడుం వంగిపోయిన ముసలావిడ ఒకావిడ వచ్చి నా వెనకాల కూచుంది. ఏదో కూనిరాగం తీస్తా నా వీపు రుద్దడం మొదలెట్టింది. మా అమ్మ పోయాక నా వీపు ఎవరూ రుద్దలేదమ్మాయ్. నేనూ నోరు తెరిచాను, ఏదొస్తే అది పాడాను. నోరు మూసుకు కూచుంటే సిగ్గు లోపలే పెరుగుద్ది. పాడేవనుకో, నోట్లోంచి పోద్ది."

ఆ రోజు కట్టిన పాటే నా వీపు మీద పాడారు. "ఆవిరే చీరంట, ఆవిరే రైకంట, అందరం అమ్మకు పుట్టినట్టేనంట." టబ్బులో ప్లాస్టిక్ స్టూలు మీద నగ్నంగా కూచుని, పాదాలు వేడికి ఎర్రబడుతుంటే, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదిమందికి లీడ్‌ని, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ చెంబు మీద చెంబు నడుం మీద బలంగా కొడుతూనే ఉన్నారు. "ఏడు, ఏడు. ఏడిస్తే పాలు పడతాయి" అన్నారు. అది ఏ శాస్త్రమో నాకు తెలియదు, పాలు మాత్రం పడ్డాయి. నేను నా ఒంటిని మళ్లీ చూసుకోగలిగింది ఆవిడ చేతుల వల్లే. ఆ మాట ఆవిడతో ఒక్కసారి కూడా అనలేదు.

మా ఇల్లూ పక్కిల్లూ ఒకే గోడకు అతుక్కుని ఉంటాయి. పక్కింటి మోరీన్ డెబ్భై దాటిన మనిషి, భర్త పోయి రెండేళ్లు. ఆయన కారు ఇంకా ఇంటి ముందే ఉంది. ఒక రోజు మోరీన్ మా గుమ్మానికి దూరంగా నిలబడి, "మీ మేడ మీద ఎవరైనా పడవ నడుపుతున్నారా?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. నాకు మాత్రం తల తీసేసినట్టయింది. ఇండియన్లు ఇంతే అనుకుంటుందేమోనని, "సారీ, మా ఆంటీ ఎక్సర్‌సైజ్ చేస్తున్నారు" అని అబద్ధం చెప్పాను. "యూ ఆర్ గ్రాండ్, యూ ఆర్ గ్రాండ్" అంటూ వెళ్లిపోయింది, పర్వాలేదులే అనడం ఇక్కడ అలాగే. వెనక్కి తిరిగేసరికి ఆంటీ మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఇంగ్లీషు రాదు గానీ ఎక్సర్‌సైజ్ అన్న మాట తెలుసు. "నా పాటని కసరత్తన్నావా?" అన్నారు. కోపం కాదు. చిన్నబోయారు. మర్నాడు పలకకు తువ్వాలు చుట్టి, చప్పుడు కాకుండా కలిపారు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఆగస్టులో మా కిల్డేర్ కౌంటీకి, అంటే మా జిల్లాకి, మళ్లీ తాళం వేశారు. కౌంటీ దాటకూడదు, లోపలికి రాకూడదు. సరిగ్గా అప్పుడే గోదావరి జిల్లాలో ఆవిడ భర్తకు జ్వరమొచ్చింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఐదో రోజు పొద్దున ఫోనొచ్చింది. కొడుక్కి ఒక్క రోజు ముందే పాజిటివ్ వచ్చి, వాటర్‌ఫోర్డ్‌లో ఒక గదిలో పడున్నాడు. కూతురు జపాన్‌లో ఉంది. తల్లి మా ఇంట్లో. ముగ్గురూ మూడు ఫోన్లలో ఏడ్చుకున్నారు. అక్కడ ఆయన శరీరాన్ని ఇంటికివ్వలేదు. ప్లాస్టిక్ సంచీలో చుట్టి, మున్సిపాలిటీ వాళ్లే దహనం చేసేశారు.

ఫోన్ పెట్టేశాక ఆవిడ లేచి మేడ మీదికి వెళ్లారు. వెనకే వెళ్లాను. చెక్క పలకని హాట్ ప్రెస్‌లో పెట్టి, తువ్వాళ్లు మడత పెట్టి దాని మీద సర్దుతున్నారు. ఎంతకీ సర్దుబాటు కావడం లేదు.

"నలభయ్యేళ్లు నేను కాచిన నీళ్లే పోసుకున్నారమ్మాయ్. ఒక్క రోజు కూడా వేడి చాల్లేదని అనలేదు" అన్నారు. "ఆఖరికి బిందెడు నీళ్లు దక్కలేదు. ముఖం చూపించుకోలేను ఆయనకి. ఇంతమందికి పోసి, ఆయనకి పోయలేదు."

"మీ తప్పేముంది ఆంటీ" అన్నాను.

"తప్పు కాదులే. సిగ్గు" అన్నారు.

ఆ రోజు నుంచి ఇంట్లో పాట లేదు. గుడ్లు పగిలిపోయేదాకా ఉడికేవి.

పదో రోజు దగ్గర పడింది. భర్త పోయినామెకు ఆ రోజు నీళ్లు పోయాలి. గాజులు, బొట్టు తీసే తంతు ఇక్కడ వద్దని కొడుకు గట్టిగా చెప్పాడు, ఆవిడా ఒప్పుకున్నారు. నీళ్లు మాత్రం పోయించుకోవాలన్నారు. తనకు తాను పోసుకోకూడదు. భర్త పోయిన మరో ఆడమనిషే పోయాలి. ముత్తైదువలు ఆ దరిదాపులకే రాకూడదు.

ఊళ్లో నాకు తెలిసిన తెలుగు ఇళ్లన్నింటికీ ఫోన్ చేశాను. ఒకరింట్లో అత్తగారు ఉన్నారు, ఆమె భర్త ఎప్పుడో పోయారు. "వాళ్లు ఎవరో, మనం ఎవరం? మా అత్తయ్యకు అసలే బీపీ" అంది కోడలు. ఇంకొకావిడ, "సారీ రా, లాక్‌డౌన్ కదా" అంది. అంతకుముందు నెల మా పెరట్లో కూచుని ఆంటీ చేసిన పూతరేకులు తిని వెళ్లిన మనిషే. ఎవరూ కసురుకోలేదు, అందరూ ఎంతో మర్యాదగా తప్పుకున్నారు. ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ నా చెవులు వేడెక్కాయి. వీళ్లు నా వాళ్లు కదా, ఇది నా భాష కదా అనిపించింది.

చివరికి నేనే అన్నాను. "నేను పోస్త ఆంటీ."

"నోర్ముయ్. మూడు నెలల బాలింతరాలివి, పసుపూ కుంకం ఉన్నదానివి. నీ మొగుడు చల్లగా ఉండాలి. ఇంకోసారి ఆ మాటనకు" అని కసిరేశారు.

ఆవిడ వద్దనగానే నా గుండె తేలికైపోయింది. ఎమ్మెస్ చదివాను, దేవుడి పటం ముందు దీపం పెట్టమంటే వాదిస్తాను, మూఢనమ్మకాలంటూ మా అమ్మతో ఎన్నోసార్లు పోట్లాడాను. అయినా ఆ క్షణంలో పక్క గదిలో దగ్గుతున్న మా ఆయనే గుర్తొచ్చాడు. ఆవిడ నా ముఖం చూశారు. నాకు కలిగిన ఆ తేలిక ఆవిడకు కనపడే ఉంటుంది.

ఇక మిగిలింది మోరీన్. ఎలా అడగాలి? నీ మొగుడు చచ్చిపోయాడు కాబట్టి మా ఆంటీకి స్నానం చేయించమని ఏ భాషలో అడగాలి? కంచె దగ్గరికి రెండుసార్లు వెళ్లి వెనక్కొచ్చాను. మూడోసారి మోరీనే పలకరించింది. తల వంచుకుని, గడ్డిని చూస్తూ మొత్తం చెప్పేశాను. ఎందుకు విధవరాలే కావాలో కూడా చెప్పాను. చెబుతుంటే నాకే అసహ్యమేసింది.

మోరీన్ చేతి తొడుగులు విప్పింది. "మా ఆయన పోయినప్పుడు వీధి వీధంతా శాండ్‌విచ్‌లు తెచ్చింది. నన్నెవరూ ముట్టుకోలేదు" అంది. తర్వాత, "నీళ్లు ఎంత వేడిగా ఉండాలి?" అని అడిగింది. అంతే. వేరే ప్రశ్న లేదు.

పెరట్లో బట్టల తీగకు దుప్పట్లు కట్టాం. మా ఆయన పెద్ద ప్లాస్టిక్ తొట్టి నిండా మరిగే నీళ్లు పోసి, పలక పక్కన పెట్టి, ఇంటి ముందుకు వెళ్లిపోయాడు. నన్ను పిల్లతో వంటింట్లో ఉండమన్నారు, తలుపు వేసుకోమన్నారు. వేసుకున్నాను. కిటికీ మాత్రం కాస్త తెరిచే ఉంది.

దుప్పటి మీద రెండు నీడలు. ఒకటి పీట మీద కూచుంది, ఒకటి మాస్కు పెట్టుకుని నిలబడింది. మోరీన్ నీళ్లలో చెయ్యి పెట్టి చటుక్కున తీసేసుకుంది. చన్నీళ్ల పైపు పక్కనే ఉంది. దాన్ని తిప్పేస్తుందనుకున్నాను. తిప్పలేదు. పలక తీసుకుని, తొట్టిలో అటూ ఇటూ తిరగెయ్యడం మొదలుపెట్టింది. కాసేపటికి కూనిరాగం వినిపించింది. రెండు నెలలు గోడవతల నుంచి విన్న బాణీ. మాటల్లేవు, లా లా అంటూ లాక్కుపోతోంది. మూడో వరుసకొచ్చేసరికి రాగం దారి తప్పి, వాళ్ల చర్చి పాటలోకి వెళ్లిపోయింది.

పీట మీది నీడ కదిలింది.

"ఆయ్. అలా కాదండి" అన్నారు ఆవిడ.

పది రోజులుగా పాట లేని గొంతు, జీరగా, "తొందరెందుకే బుల్లెమ్మ నీకు" అని ఎత్తుకుంది. మోరీన్ ఆగి, విని, లా లా అని మళ్లీ అంది. ఈసారి సరిగ్గా వచ్చింది. ఇద్దరూ కలిసి నాలుగో వరుస పాడారు. తర్వాత నీళ్లు పడిన చప్పుడు. తర్వాత ఏడుపు. ఒక్కరిది కాదు. నేను ఒలిచిన వెల్లుల్లి రెబ్బల్నే మళ్లీ మళ్లీ ఒలుస్తూ నిలబడ్డాను. నా పని ఇంకొకరు చేస్తుంటే దొంగలా వింటున్నానని తెలుస్తూనే ఉంది.

చాలాసేపయ్యాక పిల్ల కదిలితే భుజాన వేసుకున్నాను. అప్పుడే పెరటి తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. ఆవిడ లోపలికి రాలేదు, గుమ్మం అవతలే ఆగిపోయారు.

"అమ్మాయ్, నేను లోపలికొస్తున్నాను. నువ్వు ఎదురు రాకూడదు. అటు తిరుగు తల్లీ" అన్నారు, ఎప్పుడూ లేనంత మెత్తగా.

తిరగను అనొచ్చు. ఎదురెళ్లి తడి జుట్టు తుడవొచ్చు. నా ఒంట్లో ఆవిడ చెయ్యి తగలని చోటు లేదు.

నేను గోడవైపు తిరిగాను.

నా వెనక నుంచి తడి కాళ్లు మెల్లగా మెట్లవైపు నడిచాయి. మధ్యలో ఒక్కచోట ఆగాయి. భుజం మీదున్న మా పిల్ల నా వీపు మీదుగా ఆవిణ్నే చూస్తూ, ఒళ్లంతా కదిలిపోయేలా కిలకిల నవ్వింది. ఆవిడ కూడా నవ్వారో లేదో నాకు తెలియదు. నేను గోడను చూస్తున్నాను.